తోక కింద

పోటీలో మొదటి బహుమతి గెలిచిన గొర్రెను చూద్దామని బాబాయ్ పాకలోకి వచ్చాడు. అన్న కూతురు దాని మెడలో రిబ్బను సర్దుతోంది.

"తోక ఎత్తమ్మా ఒకసారి."

"నేనా? ఛీ, బాబాయ్."

"పెంచింది నువ్వేగా. ఎత్తు."

"అమ్మో, పుండు నిండా పురుగులు. కడుపులో తిప్పేస్తోంది."

"నాకూ తిప్పేస్తోంది, పురుగుల్ని చూసి కాదు. ఉన్ని దువ్వావు, గిట్టలకి నూనె రాశావు. వెనక్కెళ్ళి ఒక్కసారి చూడలేకపోయావా?"

"మార్కులు ఉన్నికీ గిట్టలకీ మాత్రమే వేస్తారు. జడ్జిగారు కూడా తోక ఎత్తలేదు."

"ఆయన చూసింది ఐదు నిమిషాలు. నువ్వు రోజూ పక్కనే ఉన్నావు. ఇంత కంపు నీకు తెలియనే లేదా?"

"మొన్నే తెలిసింది."

"తెలిసి ఏం చేశావు?"

"అమ్మ సెంటు సీసా సగం కొట్టాను."