గారెలకు ఏ కల్లు

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు దసరా. కొత్తగూడలో ఆలుమగలు వాకిట్లో నిలబడి వియ్యంకుడి బండి కోసం ఎదురుచూస్తున్నారు.

“గారెలకు పొద్దుగాల దింపిన తియ్యకల్లు పొయ్యాలె. యాటకూర వడ్డించినంకనే నిన్నటి పుల్లకల్లు. యాదుంటదా?” అంది భార్య.

“బిడ్డ పెండ్లిల ఉల్టా పోసిన, గంతే గద.”

“గంతేనా? వియ్యంకుడు అలిగి విస్తరి ముందటికెల్లి లేసిపోయిండు. ఏడాదాయె, బిడ్డను మనింటికి పంపలే.”

“ఇయ్యాల తోలుకొస్తుండు గద. ఇగ ఫికర్ జెయ్యకు.”

“తియ్యకల్లు కుండ సగమే ఉన్నదేంది?”

“ఏది ఏందో రుచి సూసి గుర్తువెట్టుకున్న.”

“సగం కుండ తాగితేగాని గుర్తుండదా?”

“అగో, బండొచ్చె. ఒళ్లె కుండ వెట్టుకొని కూసున్నడు. ఆయన కల్లు ఆయనే తెచ్చుకున్నడే.”

“తెచ్చుకోనీ. ఎనుక బిడ్డ కూసున్నది, సూడు.”