ఎలియాజరుగారి జపనీసు

కెనడాలోని హామిల్టన్‌లో ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి బేస్‌మెంట్‌లో టీ కప్పు పట్టుకుని ఎలియాజరుగారు కుర్చీ పిల్లల వైపు తిప్పుకున్నారు. చుట్టూ కాలేజీ పిల్లలు.

"రేపు మన తనీష్ క్లాసులో ఒక జపాను బొమ్మల సీరియల్ గురించి మాట్లాడాలి. సరిగ్గా చెప్పకపోతే కోర్సు పోతుంది, కోర్సు పోతే స్టడీ పర్మిట్‌కి ఎసరు. నిన్న మా ఇంటికొచ్చి, అంకుల్, ఎపిసోడ్ ఎన్నిసార్లు చూసినా ఏం చెప్పాలో తోచట్లేదన్నాడు. పెట్టు చూద్దామని సోఫాలో కూర్చున్నా. మా సోఫా ఒక పక్కకి వాలుతుంది, అది వేరే కథ..."

"ఈ కథ చెప్పండి అంకుల్," అంది స్వీటీ.

"వస్తున్నా. రాబోయే కాలంలో ఒక నగరం. యంత్రం ప్రతి మనిషికీ ఒక అంకె వేస్తుంది. వయసు పెరిగేకొద్దీ అంకె తరుగుతుంది. బాగా తరిగితే ఊరి బయటికి గెంటేస్తారు. ఒరే తనీష్, ఇది భవిష్యత్తు కాదురా, ఇక్కడ ఉండిపోనివ్వడానికి మీకు వేసే పీఆర్ పాయింట్లు, అన్నాను. పళ్ళు తోముకోకముందే ఫోన్లో కటాఫ్ చూసుకునే మీకంటే ఆ ఊరి సంగతి ఎవడికి తెలుసన్నాను."

నవ్వుతున్న పిల్లలు నవ్వు ఆపేశారు. తనీష్ తల ఊపాడు.

"అసలు గొప్ప అది కాదు. మొత్తం జపనీసు. నాకు ఒక్క ముక్క పొల్లుపోలేదు."

"మీకు జపనీసు వచ్చా?" అన్నాడు క్రిస్టో.

"గుంటూరులో బీఏ చదివిన చెవిరా ఇది. క్రియ చివర పడుతుంది, మన భాషలాగే. కాస్త పట్టు దొరికితే చాలు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? హీరోయిన్ నోరు తెరవకముందే డైలాగు నేను చెప్పేస్తున్నా. కాసేపటికి ఆ పిల్లే ఆగి, నేను అందిస్తే అంటోంది. యంత్రం నావైపు తిరిగి, నాకు అంకె వేయబోయి, అంకెలు చాలక ఆగిపోయింది. ఇంతలో టోక్యో నుంచి ఫోను. అయ్యా, తరువాయి కథ మీరు చెప్పండి, మేం గీసుకుంటాం అని. ఆదివారం చర్చి ఉంది, సోమవారం చూద్దామన్నాను, జపనీసులోనే."

తనీష్ గొంతు సవరించుకున్నాడు. "అంకుల్, ఆ పాయింట్ల మాట రేపు ఉన్నదున్నట్టు చెప్పేస్తా. గట్టెక్కినట్టే. కానీ నిన్న మనం చూసింది ఇంగ్లిష్ డబ్బింగ్."

ఎలియాజరుగారి టీ కప్పు పెదాల దగ్గరే ఆగింది.

"అదా సంగతి," అంది ఆయన భార్య కృపాబాయి, పక్క కప్పులోకి టీ వంపుతూ. "వంటింట్లో ఉన్న నాక్కూడా అర్థమైపోతుంటే, కాపురం చేసి చేసి నాకూ అంటుకుందేమో అనుకున్నా."