ప్లగ్గు తిప్పి పెట్టి చూడు

హలో… ఆ, నేనే సారూ. మల్లేశ్వర్‌ని. శంషాబాద్‌ల మోటార్లు వైండింగ్ చేసే మల్లేశ్వర్‌ని. … యాదికొచ్చిన్నా? మంచిది. అయితే ఇగ వినుండ్రి. ఓ ఇంటామెను చంపినంత పని చేసిండ్రు మీరు. మీరూ, మీ 'చిట్టిరైలు' పత్రికా.

… మీకే అంటున్న. శివరామకృష్ణ సారుకే. సంపాదకుడు అని మొదటి పేజీల పెద్ద అక్షరాలతోని ఏసుకుంటరు గద, గా సారుకే.

… అరుస్తలేను. ఆరాంఘర్ చౌరస్తాల ఎస్టీడీ డబ్బాలకెల్లి మాట్లాడుతున్న, బస్సులు పోతున్నయి. దవాఖానలకెల్లి సీదా ఈడికే వచ్చిన.

… రేవతమ్మ. ఉదయభాస్కర్ సారు భార్య. … ఆ, మీ పత్రిక సభ్యుడే. రాజేంద్రనగర్‌ల యూనివర్సిటీ క్వార్టర్లల్ల ఉండే ఉదయభాస్కర్. ముందటి రూంల బల్ల మీద బొమ్మరైలు పట్టాలు పరిచిండు, మీరే పోయి చూసి, దాని బొమ్మ గీసి పత్రికల ఏసిండ్రు. ఇయ్యాల పొద్దుగాల ఆయన రైలు తిప్పుతున్నడు, ఈమె బల్ల తుడుస్తున్నది. చేతుల ఉన్న తడిబట్ట పట్టాలకు తగిలి కరెంటు కొట్టింది… గంతే.

… బతికింది. బతికింది సారూ. కుడి అరచెయ్యి కాలింది. పడుడు పడుడు తల గోడకు కొట్టుకున్నది. ఇంకా మాట వస్తలేదు. రెండు దినాలు చూసి చెప్తం అన్నరు.

… నాకెట్ల తెలుసా? నేను ఆడనే ఉన్న. గేటు తీస్తున్న, లోపట ధడేల్మని చప్పుడైంది. ఉరికిన. ఆయన ఆమెను పట్టుకోబోతున్నడు — పట్టుకుంటే ఆయన గూడ పోతుండె. ఆయనను కాలుతోని ఒక్క తన్ను తన్ని, గోడకున్న ప్లగ్గు పీకిన. … ఆ, తన్నిన. అంత పెద్ద చదువు చదివిన మనిషిని తన్నిన సారూ. మీ పుణ్యమా అని.

… ఏందీ? ఆయననే తప్పు కలిపిండంటరా? … ఆగుండ్రి. జర ఆగుండ్రి. మీ కాయితం నా జేబుల ఉన్నది. బల్ల మీదికెల్లే తెచ్చిన. చదువుత, వినుండ్రి. 'ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే రైలు నడుపుకొనే సులభ పద్ధతి.' మీ రాతనే గద? 'గోడ ప్లగ్గు నుండి వచ్చే రెండు వైర్లలో ఒకదానికి వంద వాట్ల బల్బు, ఒక డయోడ్ కలిపి నేరుగా పట్టాలకు ఇవ్వవచ్చును.' నేరుగా! 'శ్రమ స్వల్పం, ఫలితం అద్భుతం.' … ఆయన మీరు గీసినట్టే కలిపిండు. వెంట్రుకంత తేడా లేదు. తేడా ఉంటే బాగుండు. ఏడనన్న ఓ వైరు మరిచిపోయి ఉంటే ఆమెకేం కాకపోతుండె.

… పుస్తకంలకెల్లి తీసిన అంటరు. అబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న ఇంగ్లీషు పుస్తకం, గదే గద? నేను గూడ చూసిన, ఉదయభాస్కర్ సారు చూపిచ్చిండు. దాంట్ల గోడకు, పట్టాలకు నడుమ ఓ పెట్టె ఉన్నది సారూ. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె! గోడల రెండొందల ముప్పై వోల్టులు వస్తది, బొమ్మరైలుకు పన్నెండు చాలు. గా పెట్టెనే పన్నెండు చేస్తది. గోడ కరెంటును పట్టాల దాంక రానియ్యదు. ఈడ దొరకదని మీరు బొమ్మలకెల్లి పెట్టెను కొట్టేసి బల్బు పెట్టిండ్రు. పెట్టొచ్చని ఎవరు చెప్పిండ్రు? ఎవర్ని అడిగిండ్రు?

… నడిచింది. ఆ. రైలు నడిచింది గాబట్టి సరైందే అనుకున్నరు.

… అడగనీకి ఎవ్వరు లేరంటరా? … ఆ, పట్నంల బొమ్మరైలు పెట్టుకున్నోనికి పాత ఇంగ్లీషు పుస్తకాలే దిక్కు, లేకుంటే దుబాయికెల్లి వచ్చినోడు తెచ్చిన డబ్బా మీది రాత దిక్కు. నిజమే. గందుకే గద ఇంతమంది మీ పత్రిక తెప్పిచ్చుకునేది. కానీ కరెంటు గురించి చెప్పేటోళ్ళు గూడ లేరా? ఈ బెంగుళూరు రోడ్డు మీద ఈడికెల్లి శంషాబాద్ దాంక ఎన్ని వైండింగ్ దుకాణాలున్నయి? ఏ దుకాణంలకన్న పోయి, ఏ మిస్త్రీకన్న చూపిస్తే, బల్బు బొమ్మ చూడంగనే తిడుతుండె. తిట్టేటోన్ని మీరు అడగరు. మెచ్చుకునేటోనికే చూపిస్తరు.

… రైల్వేల ముప్పై ఏండ్లు చేసిండ్రు, కాదంటలేను. ఫైళ్ళు చూసిండ్రు. తీగ ముట్టిండ్రా ఒక్కనాడన్న? రైల్వే సారు అనంగనే మంది నమ్మిండ్రు. నేను గూడ నమ్మిన. పట్టాలు ఎట్ల వంచాలె, ఇంజను చక్రాలకు పట్టిన మసి ఎట్ల తీయాలె — అన్ని మీ పత్రిక చదివే నేర్చుకున్న. ఉదయభాస్కర్ సారు చదివినంక నాకు ఇస్తుండె. అన్ని సంచికలు కుట్టి పెట్టుకున్న. … గదే గద నా మంట. నమ్మకపోతే నాకు కోపమెందుకు?

… ఆ, ఉత్తరం రాసిన. నెల కింద. మీ బల్బు బొమ్మ చూసిన దినమే రాసిన. 'సారూ, ఇది మనుషుల్ని చంపుతది, వద్దని అందరికి చెప్పుండ్రి' అని. … చదవలేదా? అబద్ధమెందుకు సారూ! చదివిండ్రు. ఎర్ర సిరాతోని నా తప్పులన్ని దిద్ది తిప్పి పంపిండ్రు గద! ఆరో తరగతి దాంక చదివినోణ్ణి, తప్పులు రాస్త. కరెంటు గురించి రాసినదాంట్ల ఒక్క తప్పు లేదు, దాని పక్కన మీరు ఒక్క ముక్క రాయలే. కింద ఏం రాసిండ్రో చెప్పన్నా? 'వ్యాపార ప్రకటనలు ప్రచురించబడవు.'

… ఆ, చుడుత. బోరు మోటార్లు చుట్టుడు నా పని, ట్రాన్స్‌ఫార్మర్లు గూడ చుడుత. అవి అమ్ముకునేటందుకే రాసిండు అనుకున్నరు. … అనుకున్నరు గద? చెప్పుండ్రి. … ఊ. వద్దన్నోడు మిస్త్రీ గాబట్టి వ్యాపారం. పెట్టుకోమన్నోడు రిటైరైన ఆఫీసరు గాబట్టి శాస్త్రం.

… క్షమాపణ నాకెందుకు? దవాఖానకు పోయి ఆమె ముందట చెప్పుకో. 'నువ్వు' అంటున్నననా? అంట. ఇయ్యాల అంట.

… నేనెందుకు ఆపలేదా?

… అడుగు. అడగాల్సిందే. ఆయన నీ కాయితం పట్టుకొని నా దుకాణానికే వచ్చిండు. 'మల్లేశ్, నీకు చెప్పిన ట్రాన్స్‌ఫార్మర్ ఇంక అక్కర్లేదు, పత్రికలో సులువైన దారి ఇచ్చారు' అన్నడు. అప్పటికే చుట్టి పెట్టిన. వద్దు సారూ అన్న. పట్టాలల్లకు కరెంటు దిగుతది అన్న. 'అచ్చులో వచ్చింది కదయ్యా' అన్నడు. … నాకు కాలింది. 'అచ్చులొస్తే ఇగ నన్నెందుకు అడుగుడు, పో' అన్న. పో అన్న సారూ. ఎనకకు పిలిచి చెప్పకపోతి. నెల దినాలు రోషం పట్టుకొని కూసున్న. ఇయ్యాల పొద్దుగాల మనసొప్పక, పెట్టె సంచిల ఏసుకొని పోయిన, ఊకెనే ఇద్దామని. గేటు కాడికి పోయేవరకు… చెప్పిన గద.

నా పాలు తప్పు నాకున్నది. నీ పాలు నాకు అంటగట్టకు.

— ఆగు కొండమ్మక్కా, జర ఆగు. ఇంకో రెండు నిమిషాలు. నీ డబ్బా ముందట ఫోన్ కోసం నిలబడ్డాయనను రోడ్డవతలి డబ్బాకు పొమ్మను. ప్రాణాల ముచ్చట ఇది.

… హలో. ఏందీ? మీ ఇంట్ల ఏడాది సంది నడుస్తున్నది, ఏం కాలేదంటవా? … పట్టాలు ముట్టుకున్నవా? … ఎన్నోసార్లు. ఏం కాలే. … గది చెప్త. నీ ప్లగ్గుకు రెండు కాళ్ళేనా? … రెండే. అయితే ఎటు తిప్పి పెట్టినా గోడల దూరుతది. ఒకదిక్కు పెడితే పట్టాలు ఊకుంటయి. తిప్పి పెడితే గోడ కరెంటు ఉన్నదున్నట్టు పట్టాలల్లకొస్తది. రైలు మాత్రం ఎటు పెట్టినా ఒక్కతీర్గనే తిరుగుతది. గందుకే తెల్వదు. నువ్వు ప్లగ్గు పీకుతనే లేవు గద? స్విచ్చు ఏస్తవు, బంద్ చేస్తవు. … ఆ. గందుకే బతికినవ్. దవాఖానల ఉదయభాస్కర్ సారు చెప్పిండు, నిన్న రేవతమ్మ ఇస్త్రీ పెట్టె పెట్టనీకి ఆ ప్లగ్గు పీకింది. ఇస్త్రీ అయినంక మళ్ళ పెట్టింది. తిప్పి పెట్టింది. ఆమెకేం ఎరుక?

… ఏమన్నవ్? తడిబట్టతోని తుడవకుండా ఉండాల్సిందా? … ఆమె తప్పా? ఆమె ఇంట్ల, ఆమె బల్ల, దుమ్ము పట్టిందని తుడిచింది. ఇంకోసారి ఆ మాట అను, ఈ ఫోన్లకెల్లే వచ్చి…

… నమ్మకం లేదు. నేను చెప్తే ఎందుకుంటది? నా మాట వద్దు. ఇంట్ల టెస్టర్ ఉన్నదా? గా వెలిగే స్క్రూడ్రైవర్. … ఉన్నదంటే పో. రబ్బరు చెప్పులు ఏసుకో. ప్లగ్గు పీకు, తిప్పి పెట్టు, రైలు నడిపియ్యి, పట్టా మీద టెస్టర్ కొన ఆనియ్యి. ఇంకో చెయ్యి ఎనకకు పెట్టుకో. … మీ ఇంటామె ఏడున్నరు? … కామాక్షమ్మగారిని వంటింట్లనే ఉండమను. బయటికి రావద్దను. పో. ఫోన్ పక్కకు పెట్టి పో. నేనుంట.

…

…

— లేదక్కా, అయిపోలే. ఆయన లోపటికి పోయిండు. … రైళ్ళ పత్రిక నడుపుతడు. … చిన్న రైళ్ళు అక్కా, బొమ్మరైళ్ళు. … పిల్లలు కాదు, పెద్దోళ్ళే ఆడుకుంటరు. … నవ్వకు. నాకు గూడ ఉన్నది ఒకటి, పాత మోటారు రాగితీగతోని చేసిన. … నీళ్ళు వద్దు. … వద్దక్కా, ఆయన వస్తే మాట్లాడాలె.

…

హలో. … హలో, సారూ? … ఉన్న. చెప్పుండ్రి. … 

… వెలిగిందా?

… ప్లగ్గు పీకిండ్రా మళ్ళ? … ముందుగాల అది పీకుండ్రి. పోయి పీకి రాండ్రి. … పీకిండ్రు. మంచిది. కూసోండ్రి. … ఊ. … రోజూ తుడుస్తదా అమ్మగారు ఆ బల్ల? … ఊ. … ఏడ్వకుండ్రి సారూ. ఏడిస్తే టైం పోతది. ఇది చెప్పుండ్రి, ఆ సంచికవి ఎన్ని కాపీలు పోయినయి?

… నలభై మూడు.

… సవరణ? వచ్చే సంచికలనా? ఎప్పుడొస్తది అది? … రెండు నెలలకు! ఇయ్యాల ఏం వారం సారూ? ఆదివారం. నలభై మూడు ఇండ్లల్ల ఆఫీసు లేనోళ్ళు చాయ్ తాగి పట్టాల ముందట కూసోని ఉంటరు ఇప్పుడు. మీరు స్టెన్సిల్ కోసి, సైక్లోస్టైల్ తిప్పి, స్టాంపులు అంటిచ్చేవరకు ఎందరు తడిచెయ్యి పెడ్తరు? ఎంతమందికి ఫోన్లున్నయి? … పందొమ్మిది. ఆ పందొమ్మిది మందికి ఫోన్ చెయ్యుండ్రి. పట్నంలనే ఉన్నోళ్ళ ఇండ్లకు స్కూటర్ మీద పోండ్రి. దూరమోళ్ళకు టెలిగ్రాం కొట్టుండ్రి.

… పరువు పోతదా? పోనియ్యి. … కేసైతదా అని నన్నడిగితే? ఐతే కానియ్యి. రేవతమ్మకు మాటొచ్చినంక ఆమెనే చెప్తది ఏం చెయ్యాల్నో.

… ఏందీ? ఇంకేమున్నది? … నసుగుతవేంది, చెప్పు. … ఈ కాయితం బడికి గూడ ఇచ్చినవా? ఏ బడి? … కొత్వాల్‌గూడ. ఝాన్సీ టీచరమ్మ. … పిల్లల సైన్సు ప్రదర్శన ఎప్పుడు? … రేపా! నీ బొమ్మ చూసి పిల్లలతోనే కట్టిస్తున్నదా? … బల్బు, వైర్లు గూడ నువ్వే కొనిచ్చినవ్. … అయ్యా, ఇంతసేపు ఇది కడుపుల పెట్టుకొని కూసున్నవా? నా ఉత్తరం చేతుల పడ్డంకనే ఇచ్చినవ్ గద? ముందా, తర్వాతనా? … తర్వాత.

… 

… లేదు, పెట్టలే. మోపెడ్ తాళంచెవి తీస్తున్న.

… తిట్టను. తిట్టనీకి నాకు టైం లేదు. టీచరమ్మకు ఫోన్ ఉన్నదా? … లేదు. ఇల్లు? … బడి ఎనకనే, నీలం తలుపులు. మోపెడ్ ఉన్నది, ఇటుకెల్లి ఇటే పోత. దొరకకపోతే బడి తాళం పగలగొట్టి పీకుత, నువ్వు మాత్రం రాకు. నీ పని ఫోన్ కాడ.

ఏం చెప్తవ్ వాళ్ళకు? నాకు చెప్పి చూపియ్యి. … 'గత సంచికలోని వ్యాసానికి స్వల్ప సవరణ'… కాదు. … 'పాఠకుల భద్రత దృష్ట్యా తగు జాగ్రత్తలు'… కాదు సారూ! తగు జాగ్రత్త లేదు దానికి! రబ్బరు చెప్పులు అని చెప్పకు, తడిచేతులు వద్దని చెప్పకు. గట్ల చెప్తే చెప్పులేసుకొని నడుపుకుంటరు. ఇగో, నేను చెప్పినట్టు చెప్పు. 'నేను తప్పు అచ్చేసిన. ఒకామె దవాఖానల ఉన్నది. లేచి పోయి ప్లగ్గు పీకుండ్రి, వైర్లు కోసెయ్యుండ్రి. కోసినంక వచ్చి నాకు చెప్పుండ్రి, నేను లైన్ల ఉంట.' వాళ్ళు పోయి వచ్చి 'కోసిన' అని నోటితోని చెప్పేదాంక ఫోన్ పెట్టకు.

… నా పేరా? నా పేరెందుకు? నీ పేరు చూసి కలుపుకున్నరు, నీ గొంతు వింటెనే పీకుతరు. నేను చెప్తే మళ్ళ నా అమ్మకం ముచ్చట అనుకుంటరు.

జాబితా తీసినవా? … మొదటి పేరెవరిది? … అనంతయ్యగారు. … ఇంట్ల ఇద్దరు ఆడపిల్లలు. గది నాకెందుకు చెప్తవ్ సారూ? ఆయనకు చెప్పు! … లేదు, ఇగ మాట్లాడ. నాతోని ఉంటే మీ ఫోన్ ఎంగేజే ఉంటది, అక్కడ ఆయన స్విచ్చు ఏస్తడు. పెట్టుండ్రి. అనంతయ్యగారికి కొట్టుండ్రి. ఇప్పుడు. … నంబరు తిప్పుండ్రి సారూ, పెట్టుండ్రి ఫోన్ —