కదలని ముల్లు

అయ్యో, మళ్ళీ ఆ రేడియేటర్ మూత మీదే చెయ్యి వేస్తున్నావేంటి బాబూ? ఎన్నిసార్లని విప్పుతారు దాన్ని? ఈ వారంలో ఇది నాలుగోసారి. మీ బాబాయి మూడుసార్లు, ఇప్పుడు నువ్వు.

ఆయన లేడు. కొత్త సెన్సార్ తెస్తానని నడుచుకుంటూ వెళ్ళాడు. అవును, ఇంకోటి! మొన్న వేసింది కూడా చెడిపోయిందట. నువ్వు వస్తావని చెప్పినా ఆగలేదు, కాలు నిలిస్తేగా.

మొదట్నుంచీ చెప్పమంటావా? పోయిన ఆదివారం కారు ఇంజన్ని చల్లబరిచే పాత కూలెంట్ పారబోసి కొత్తది పోశాడు. ఆ రోజంతా బాగానే ఉంది. సోమవారం స్టార్ట్ చేస్తే వేడి చూపించే ముల్లు లేవలేదు. ఇంజన్ కాగిపోతున్నా అది మాత్రం కిందే పడుకుంది. లోపల గాలి చిక్కుకుందన్నాడు. ముందు చక్రాల కింద ఇటుకలు పెట్టి, మూత తీసి, గొట్టాలు పిసికి పిసికి బుడగలు తీశాడు. ఊహూఁ. థర్మోస్టాట్ మార్చాడు. ఊహూఁ. గురువారం సెన్సార్ మార్చాడు, సాయంత్రం ముల్లు లేచింది! చిన్నపిల్లాడిలా నన్ను పిలిచి చూపించాడు. శుక్రవారం పొద్దున చూస్తే మళ్ళీ పడకే.

ముల్లు పనిచెయ్యనిదే బండి గేటు దాటించడు, నీకు తెలుసుగా. ముప్పై రెండేళ్ళు బస్సు నడిపినాయన. ముల్లు సగానికి వచ్చేదాకా ప్రయాణికులు ఎంత గోల పెట్టినా స్టాండులోంచి కదిలేవాడు కాదట. ఒక్క ప్రమాదం లేదు ఆయన చేతి మీద. ఆ మాట రోజుకోసారి వింటాను నేను.

ఏంటి, ఆగిపోయావు? ఆ వైరు క్లిప్పులో ఏంటది?

...

చూడగానే దొరికింది కదూ నీకు. నీలం అంచు కూడా కనబడుతోంది. పాల ప్యాకెట్ ముక్క. మా ఇంటిదే.

అలా చూడకు బాబూ. నేనే పెట్టాను.

ఏ వైరో నాకెలా తెలుసంటావా? ఇన్నేళ్ళూ ఈ బానెట్ దగ్గర టార్చిలైటు పట్టుకుని నించున్నది ఎవరనుకున్నావు? ‘ఇదిగో, బండికి జ్వరమొచ్చిందని చెప్పే వైరు ఇదే’ అని ఆయనే చూపించాడు. నాకు జ్వరమొస్తే ఏనాడైనా నుదురు తాకి చూశాడా! సరేలే, అదిప్పుడెందుకు.

క్లిప్పు బిగించే ఉన్నట్టుంటుంది, ఈ ముక్క అడ్డుపడి లోపల మాత్రం తగలదు. గురువారం సెన్సార్ మార్చేటప్పుడు ఈ ముక్క ఆయన కాళ్ళ దగ్గరే పడింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆయనకి కనబడలేదు. శుక్రవారం ఆయన లేవకముందే ఇంకోటి కత్తిరించి పెట్టాను.

ఎందుకా?

ఆదివారం కొత్త కూలెంట్ పోశాక, ఒక రౌండు వేసొద్దాం రమ్మన్నాడు. మలుపు దగ్గర నా వైపు నుంచి సైకిలు మీద ఒక పాప వచ్చింది. పదేళ్ళుంటాయేమో. నేను కెవ్వుమన్నాను. బ్రేకు వేశాడు. పాప పడింది. మోకాలు చెక్కుకుపోయింది, అంతే. అంతేలే! నాకైతే పై ప్రాణాలు పైనే పోయాయి. దిగి లేపాను, సైకిలు నిలబెట్టాను. తిరిగొచ్చి కూర్చుంటే ఈయన ఏమన్నాడో తెలుసా? ‘ఎందుకలా అరిచావు? అక్కడెవరున్నారని?’

చూడలేదు బాబూ. పడ్డాక కూడా చూడలేదు.

కళ్ళ డాక్టరు ముందే చెప్పాడు. పక్క చూపు పోయింది, ఇక తిరిగి రాదు, స్టీరింగ్ ముట్టుకోవద్దు అని. ఈయన వింటేగా. నేను ఒక్కసారి ఆ మాటెత్తితే రెండు రోజులు అన్నం ముట్టలేదు. ముప్పై రెండేళ్ళూ మొహాన కొడతాడు. ఇంకేం చెప్పను? ముల్లు లేవకపోతే బండి తియ్యడని మాత్రం తెలుసు. సోమవారం పొద్దున పాలు కాచి, ప్యాకెట్ కడిగి, కత్తెర తీసుకున్నాను. ఒక్కరోజు ఆపుదామనుకున్నాను. వారమైంది.

అక్కడితో అయిపోతే బాగుండేది. నిన్న మధ్యాహ్నం ఆ మెట్టు మీద కూర్చుని తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు. ‘పని మర్చిపోయానే. కూలెంట్ మార్చడం కూడా రావట్లేదు నాకు’ అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. అప్పుడైనా చెప్పాలా వద్దా? ఆయన నిద్రపోయినప్పుడైనా ఆ ముక్క తీసెయ్యాలా వద్దా? గిన్నెలు తోముకున్నాను. తోమినవే మళ్ళీ తోమాను.

కళ్ళు పోయాయని చెప్పే ధైర్యం లేక, చేతులు పోయాయని నమ్మించాను ఆయన్ని. పెళ్ళాం చేసే పనేనా ఇది?

వద్దు, నా కోసం అబద్ధం చెప్పకు. వైరు తెగిందనీ, ఎలక కొరికిందనీ అవేమీ వద్దు. ఈ వారంలో నేనే చాలా చేశాను, చాలు. ఇటివ్వు ఆ ముక్క.

అదిగో, గేటు. చూడు, గడియ కోసం తడుముకుంటున్నాడు. పక్కనే ఉంది, చూడు.

నేనే చెప్తాను. తిడతాడు. తిట్టనీ. చేతులు బాగానే ఉన్నాయని తెలుస్తుంది. ఆ తర్వాత రెండోది చెప్పాలి.

నువ్వు మాత్రం వెళ్ళకు బాబూ. ఇంకాసేపు ఏదో బిగిస్తున్నట్టు అలా వంగే ఉండు.