నాను దిద్దిన కత

లేదు టీచరమ్మా, కూకోను. కూకుంటే మళ్ళీ మాట పెగలదు. నిలబడే సెప్పీస్తాను. మీరు పేపర్లు దిద్దుకోండి, వింటే సాలు.

అసలు ఫోన్లో ఆ కతల సైటు పిల్లలకి ఎందుకు సూపించారండీ? ఏడో తరగతోళ్ళకి లెక్కలున్నాయి, సైన్సున్నాది. వాటి మధ్యన "కత రాసి పంపండర్రా, పుస్తకంలాగ వేస్తారు, బొమ్మలు కూడా వాళ్ళే గీస్తారు" అని మీరు అనడమేటి, మా శ్రావణి ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా నోట్సు ముందరేసుకోడమేటి!

ఆగండి. మిమ్మల్ని అనడానికి రానేదు. ఎక్కడో మొదలెట్టాలి కదా.

ఆ కత మా అమ్మది. దేముడమ్మ. శ్రీముఖలింగంలో మా అన్నయ్య కాడ ఉంటాది. నా సిన్నతనంలో వంశధార పొంగి ఆవిడి పెయ్యదూడ కొట్టుకుపోయినాది. వరద తీసీసినాక కూడా రోజూ ఏటిగట్టుకెళ్ళి "రాయే సిట్టీ, రాయే" అని పిలిసీది. నెల్రోజులు పిలిసినాది. దూడ రానేదు. అంతే కత. అమ్మమ్మ ఎలగ సెప్పిందో అలగే రాసింది శ్రావణి, అదే యాసలో.

ముందు ఫోనుకి సదివి వినిపించింది, అదే టైపు సేసుకుంటాదని. మా మాట దానికేటి తెలుస్తాది? "రాయే సిట్టీ" అంటే "రాయి సిటీ" అని పడతన్నాది! ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. సర్లేవే, నాను కొడతాను, నువ్వు ట్యూషనుకి ఎల్లు అన్నాను.

అక్కడండీ. అక్కడే జరిగినాది.

మొదట ఒక్క మాటే మార్సినాను. 'ఏటి'ని 'ఏమిటి' సేసినాను. అది మార్సాక పక్క మాట ఎబ్బెట్టుగా కనబడింది. అదీ మార్సినాను. అలగ ఆఖరికొచ్చీసరికి దూడ రాకపోడం నాకు నచ్చనేదు. సిన్నపిల్ల కతకి అంత దుఃఖమేటి, సదివినోళ్ళు ఏటనుకుంటారు? "తూరుపు తెలవారుతున్న వేళ, మెడలో మువ్వలు సవ్వడి చేస్తుండగా దూడ తిరిగి వచ్చింది" అని రాసీసినాను. కత కిందని సైటోళ్ళు అడిగినారు, ఇది పిల్లలే సొంతంగా రాసినారా, పెద్దలు దిద్దలేదు కదా అని. దానికి టిక్కు పెట్టి పంపించిందీ నానే.

శనివారం మెసేజీ వచ్చినాది, కత వేసీసినామని. అమ్మమ్మ కాడే తెరుద్దామని శ్రావణి పట్టు. ఆదివారం చీపురుపల్లిలో పొద్దున్నే బయలెల్లి, రెండు బస్సులు మారి ఎల్లాం. మంచం మీద అమ్మని కూకోబెట్టి, శ్రావణి సదవడం మొదలెట్టింది. సగంలో గొంతు తగ్గిపోనాది. అయినా ఆపనేదు, ఆఖరి దాకా సదివీసింది.

మా అమ్మ ఏటన్నాదో తెలుసా? "నా దూడ వచ్చీసినాదేటే? ఎప్పుడొచ్చినాది? నాకెవులూ సెప్పనేదేటి?" అని లేసి గుమ్మం కాడికెల్లి బయటికి సూసినాది టీచరమ్మా. ఎనభై ఏళ్ళ మనిసి.

"అమ్మా, నాను ఇలగ రాయనేదు కదే" అన్నాది శ్రావణి.

"సైటోళ్ళు మార్సీసినారేమో" అనీసినాను. నా నోట్లోంచి ఆ మాట ఎలగొచ్చినాదో నాకే తెలీదు.

అది అక్కడితో ఆగిపోతే బాగున్ను. మర్నాడు బడికొచ్చి మీకు సెప్పింది. మీరు నమ్మినారు. ఎందుకు నమ్మరు? పదకొండుమంది పిల్లల కతలు పంపకుండా బీరువాలో పెట్టీసినారంట. మా వీధిలో సోములు కూతురు నన్నాపి "పిన్నీ, మా కతలు ఇంక రావంట. ఆ సైటోళ్ళు దొంగలంట" అన్నాది. ఆ పిల్ల కళ్ళల్లోకి సూడలేకపోయినాను.

శ్రావణి ఆ సైటోళ్ళకి ఉత్తరం కూడా రాసింది, నా ఫోన్లోంచే. జవాబు గురువారం వచ్చినాది. ఇదిగో, మీరే సదవండి. "మేము ఒక్క అక్షరం కూడా మార్చలేదమ్మా. నువ్వు రాసింది వేరేగా ఉంటే పంపించు, సంతోషంగా అదే వేస్తాం." ఎంత మర్యాదగా రాసినారో సూడండి. నాలుగు రోజులు దాసీసినాను.

ఆఁ, శ్రావణికి సెప్పీసినానండీ. పొద్దున్న జడ ఏస్తా సెప్పీసినాను. ఎదర నిలబడి సెప్పలేక, ఎనక నుంచి.

ఏడుస్తాదనుకున్నాను. ఏడవనేదు. నోట్సు తెచ్చుకుని తన కత తానే కొట్టుకున్నాది, ఒక్కో అక్షరం ఎతుక్కుంటా. పంపీసినాది కూడా. ఫోను నన్ను ముట్టుకోనివ్వనేదు.

ఎందుకు సేసినావంటారా?

యాస సూసి నవ్వుతారని భయం, అది ఉన్నాది. గాని అదొక్కటే కాదు. మెసేజీ వచ్చిన కాడ్నుంచి, శ్రావణికి తెలీకుండా, ఆ ఆఖరి వాక్యం నాను ఎన్నిసార్లు తెరిసి సదువుకున్నానో! పొయ్యి మీద కూర మాడిపోయినాది. ఇంటర్లో ఉన్నప్పుడు నానూ రాసీదాన్నండీ. ఎవులికీ సూపించనేదు. పెళ్ళయ్యాక ఆ పుస్తకాలు ఏటైపోనాయో. అది నా వాక్యం టీచరమ్మా. నా కూతురి పేరు మీద నా వాక్యం. అమ్మ గుమ్మం కాడ నిలబడి దూడ కోసం సూస్తన్నప్పుడు కూడా, లోపల ఎక్కడో... నా మాట నమ్మీసినాది కదా అనిపించినాది. సూడండి ఎంత పాడు మనసో.

శ్రావణి బడికొస్తా, సెప్పులేసుకుంటా అన్నాది. "అమ్మా, నీకు రాయాలనుంటే నీ పేరెట్టుకునే రాసుకోవే. నా పేరెందుకు?"

దానికి కోపం కూడా నేదు, నిజంగానే అడిగినాది. ఎల్లిపోయినాక ఆ సైటంతా తిరగేసినాను. పదహారేళ్ళు దాటినోళ్ళు పంపకూడదంట. నాకు నలభై ఒకటి.

సర్లెండి. బీరువా తీసి పిల్లల కతలు పంపించీండి. ఎల్తాను.