జపాన్ పాటల ఆమె

ఏం నోటుబుక్కు ఉవైస్ అది, ఇటియ్యి జూస్త. అగో, మీ తాత రాతనే గదా. పెట్టె సదురుతుంటె దొరికిందా? కూసో బిడ్డా, గట్ల నిలబడితే నాకు మెడ నొస్తది. ఏం భాషనా? అక్షరాలు తెలుగే, మాటలు జపాన్‌వి. నవ్వకు. మీ తాత నబీ సాబ్ జపాన్ పాట పాడిండు, ఈ చెవులతోటి ఇన్న నేను. నువ్వు అప్పుడు చడ్డీ గూడ సక్కగ ఏసుకోకపోతుంటివి, నీకేం యాది ఉంటది.

నబీ సాబ్ మైక్‌సెట్ లేకుంటె మన ఆత్మకూరుల పెండ్లి గాని పీర్ల పండుగ గాని మొదలు గాకపోతుండె. స్తంభమెక్కి హారన్లు కట్టేది నేను, కింద కూసోని "హలో, హలో, పెండ్లిపిల్ల మేనమామ యాడున్నా జల్ది మండపం కాడికి రావలె" అనేది ఆయన. ఖిల్లా ఘణపూర్‌ల ఒకసారి మేనమామ నిజంగనే తప్పిపోయిండు. ఖిల్లా సూస్తనని గుట్టెక్కి ఆడనే పండుకున్నడంట, ఈయన గొంతు ఇని లేసొచ్చిండు. అది ఇంకో కత, ఇడువు. గసోంటి మనిషికి గొంతుల కాయ లేసింది. దవాఖానల కోసి తీసిండ్రు. డాక్టర్ మంచిగనే చెప్పిండు, "భయపడే గడ్డ కాదు పెద్దాయనా, నెల రోజులు గమ్మునుండు, ఎనక మెల్లగ మాట్లాడు, మాట్లాడితేనే గొంతొస్తది" అని. నెలాయె, రెండు నెలలాయె, నోరు తెరవడు. నాకు తెలుసు యాంటికో. తెరవకుంటె గొంతు ఉన్నట్టే గదా. తెరిసినంక లేదని తెలిస్తె ఏం జేస్తడు? సప్పట్లు గొట్టి పిలుసుడు, ఏలు సూపెట్టుడు, గంతే. మీ దాదీ లాల్‌బీ ఏడు నెలలు గా సప్పట్లతోనే సంసారం జేసింది. "జంగయ్యా, మంచి మాట వద్దు, తిట్టనన్న తిట్టమను, ఒక్కసారి ఇంట" అని నా ముంగట ఏడ్సింది.

అప్పుడు మీ నాయన జీషాన్ హైదరాబాద్ పోయి ఒక డబ్బా తెచ్చిండు. కరోకే అంట. టీవీకి తగిలిస్తె బాజాలన్నీ వస్తయి, పాడేటోని గొంతు ఒక్కటి రాదు, మనమే మైక్ పట్టుకోని పాడుకోవలె. పాట రాకుంటె ఒక బటన్ ఒత్తితే అసలు గొంతు సుత వస్తది, ఇని నేర్సుకోవచ్చు. హిందీ పాట పెట్టి మైక్ చేతికిస్తె మీ తాత తల అడ్డం తిప్పిండు. తెలుగుది పెడితె నన్ను జూసి తిప్పిండు, వీడు తప్పు పడ్తడు అని. నేనేం తప్పు పట్టెటోన్ని కాదు, ఎప్పుడన్న ఒకటి రెండు చెప్పి ఉంట. ఇంగ్లీషుది పెడితె బడి దిక్కు ఏలు సూపెట్టిండు, ఇంగ్లీషు చెప్పే భాస్కర్ సారు ఇంటడని. డబ్బాతోటి వచ్చిన పాటల పుస్తకం తిప్పి తిప్పి ఆఖరికి, పుల్లలు పేర్చినట్టు అక్షరాలున్న పేజీ కాడ ఆగిండు. "గవి జపాన్‌వి" అన్నడు జీషాన్. మీ తాత మొఖం ఇచ్చుకున్నది. నాకు సమజైంది. జపాన్ పాటకు తప్పు పట్టేటోడు గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాక ఒక్కడు లేడు.

ఇగ ఏరుడు సురువాయె. మొదటిది ఉరుకుడే ఉరుకుడు, ఊపిరి తీసే సందు లేదు, వద్దు. రెండోది ఎవరో పిల్ల కీసుగొంతుతోటి పాడింది, వద్దు. ఇంకోటి పోలీసుల కవాతు లెక్కుండె, వద్దు. జీషాన్‌కు ఇసుగొచ్చి "ఏదో ఒకటి పాడరాదు, పెండ్లిపిల్లను ఏరినట్టు ఏరుతవేంది" అన్నడు. పన్నెండో పదమూడో అయినంక ఒకటి మెల్లగ వచ్చింది, ఎవరో పెద్దమనిషి గొంతు. టీవీల కింద ఇంగ్లీషు అక్షరాలు పోతుంటె జీషాన్ సదువుతుండు, "ఆమె... ఆమె..." అని. మీ తాత చెయ్యెత్తిండు. ఇదే అన్నట్టు. జపాన్‌ల గూడ ఆమెను ఆమెనే అంటరా అని నేను బిత్తరపోయిన. పాట మొత్తంల మాకు తెలిసింది ఆ ఒక్క మాట. అయిన ఏం తక్కువ, పెద్దమనిషి ఆమె కోసం పాడుతుండు, ఇంకేం గావాలె. ఇగో, గప్పుడు రాసుకున్నదే ఈ పేజీ.

రోజు పొద్దుగూకే ముందటి అసర్ నమాజ్ అయినంక ఇంటెనక గోదాంల కూసోని పాడుడు. పాడుడేంది, ముందుగాల వట్టి గాలి, పంచరైన టైర్ల నుంచి పోయినట్టు. నేను అటు తిరిగి వైర్లు సుట్టుకుంట కూసుంటుంటి, మొఖం జూస్తె పాడడని. పది దినాలకు జర కీసుమన్నది. నెలకు బొంగురు. ఒకనాడు "ఆమె" అని ఎత్తుకున్నడు సూడు, గొంతు లేసింది బిడ్డా. పాత గొంతు కాదు, మోటుగుండె. గని గొంతే. ఇంట్ల లాల్‌బీ జొన్నరొట్టెలు కొడుతుండె, రొట్టె సప్పుడు ఆగింది. పిండి చేతులతోటి వచ్చి తలుపుల నిలబడ్డది. ఏడుస్తదనుకున్న. "కౌన్ జీ, ఎవలు గా ఆమె?" అన్నది. ఏడు నెలలు ఒక్క మాట కోసం కొట్టుకున్న మనిషి, గొంతినంగనే కొట్లాటకు దిగింది. మీ తాత నన్ను జూసిండు, నోటుబుక్కు జూసిండు. ఆమె దిక్కు తిరిగి "తూయిచ్ గే" అన్నడు. నువ్వేనే అని. పాట కాదు, మాట. నేను కూసున్న కాడనే ఏడ్సిన, సిగ్గేంది చెప్పనీకి. లోపల రొట్టె మాడిపోయింది, ఎవరం లేసి సూడలె.

ఆ ఎనక నాలుగేండ్లు బతికిండు. గా మోటు గొంతుతోనే మేనమామలను పిలిసిండు. ఒకపారి జీషాన్ యాడనో కనుక్కొని వచ్చి చెప్పిండు, జపాన్‌ల ఆమె అంటే వాన అంట. మీ తాత నవ్వి నవ్వి దగ్గిండు. "జంగయ్యా, లాల్‌బీకి చెప్పకు, నా మీద ఒట్టు" అన్నడు. చెప్పలె. ఆయన పోయి తొమ్మిదేండ్లాయె, ఒట్టు నా కడుపులనే ఉండె. మీ ఇంటి దిక్కు పోవాలంటె నోరు జారుతదేమో అని భయమయితుండె. మొన్న తెలకపల్లి నుంచి వచ్చుకుంట మీ ఇంటి ముంగట ఆగిన. మొగులు పట్టింది. లాల్‌బీ గడపల కూసోని ఆకాశం దిక్కు జూసి, "జంగయ్యా, ఆమె వస్తున్నట్టుంది, ఛత్రి తీస్కపో" అన్నది. "నీకెప్పుడు తెలిసింది వదినె" అంటె, "జీషాన్ ఆయన కంటె ముందుగాల నాకే చెప్పిండు. ఆయన నన్ను జూసి నువ్వే అన్నంక ఇగ వానయితె నాకేంది" అన్నది. ఛత్రి ఇచ్చింది. నేను తీసుకున్న గని ఇప్పలె, తడుసుకుంటనే ఇంటికి పోయిన.