మాల ఉన్నంతసేపూ

బుల్లియ్యా? వాడి పేరు నీకెవరు చెప్పారు? కూర్చోండి హర్షస్వామీ, కూర్చోండి. మొన్నటిదాకా ‘ఒరే మనవడా’ అని పిలిచినవాణ్ణి, మెడలో అయ్యప్ప మాల పడగానే అండీ అనాల్సొస్తోంది. అదృష్టవంతుడివి. అసలు ఈ ఊళ్ళో ఎస్సై చేత కాళ్ళకి దండం పెట్టించుకున్న మొనగాణ్ణి నేనొక్కణ్ణే, తెలుసా? అంటే... ఆయనా మాలలో ఉన్నాడు, నేనూ ఉన్నాను. మాలలో ఉన్నవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు పెట్టుకోవాలి కదా. నా వెనకాల నిలబడ్డ టీకొట్టు అప్పారావుక్కూడా పెట్టాడులే.

బుల్లియ్య మన పీఠంలో భిక్ష వండేవాడు. స్వాములకి మధ్యాహ్నం భోజనం... నీకు చెప్పక్కర్లేదు, మాలేసింది దానికోసమే కదా! నవ్వకు. కందాబచ్చలి వండాడంటే నాలిక కాల్చుకుని మరీ తినేవాళ్ళం. వాడూ ఏటా మాలేసేవాడు. తుపానొచ్చిన మరుసటేడు, కార్తీకంలో, స్వామివారి వెండి కిరీటం పోయింది. పాలకొల్లులో చేయించిందది. వంటగది తలుపూ పూజగది తలుపూ పక్కపక్కనే, ఇంకెవరిమీదకి పోతుంది అనుమానం? వాణ్ణి పట్టుకెళ్ళారు. మేమంతా పూజ చేసుకుని, విభూతి రేఖలతో, చెప్పుల్లేని కాళ్ళతో స్టేషన్‌కి వెళ్ళాం. ఎస్సై పాపం ‘తీస్తే చెప్పండి స్వామీ’ అంటాడు. వీడు ‘తియ్యలేదు స్వామీ, అయ్యప్ప మీద ఒట్టు స్వామీ’ అంటాడు. వినేవాళ్ళకి భజనలా ఉంది. రైసుమిల్లు భీమరాజుగారికి ఒళ్ళు మండింది. ‘ఇలా బతిమాలితే చెప్తాడేంటండీ? నాలుగు తగిలిస్తే వాడే కక్కుతాడు!’ అన్నారు. దీక్షలో ఉంటే కింద చీమలున్నాయేమో చూసి అడుగేసే మనిషాయన. అందరూ అవునండీ అవునండీ అన్నారు. దేవుడి సొమ్ము కదా మరి. కానీ మెడలో మాల. మాల ఉన్నంతసేపూ వాడు అయ్యప్ప. అయ్యప్పని ఎలా కొడతాం?

గురుస్వామి వేంకటేశ్వర్లుగారిని వాడి మాల తీసెయ్యమంటే, ‘యాత్ర కాకుండా నా చేత్తో తియ్యను’ అనేశారు. బుల్లియ్య మొహంలోకి కాస్త నెత్తురొచ్చింది. అంతలో ఆయనే, ‘తల్లి తియ్యొచ్చు’ అన్నారు. అబ్బ, అందరికీ ఎంత తేలికైపోయిందో! వాళ్ళమ్మ సత్తెమ్మని పిలిపించారు. ‘మాల తీసెయ్యమ్మా, ఇంటికి పంపేస్తారు’ అన్నారు భీమరాజుగారు. వాడు రెండు చేతుల్తోనూ మెడ పట్టుకుని, ‘వద్దే అమ్మా, తియ్యకే’ అని ఏడుపు. ఆవిడేమో ‘ఊరుకోరా, పెద్దోళ్ళు చెప్తన్నారు గదా’ అంటూ వాడి వేళ్ళు ఒక్కోటే విడదీసింది. తీసి కళ్ళకద్దుకుంది.

తను దీక్షలో ఉన్నానని ఎస్సై బయటికొచ్చేశాడు. మాల వెయ్యని కానిస్టేబుల్ లోపలికెళ్ళాడు. మేం పక్కనే ఉన్న పీఠానికొచ్చేశాం. అక్కడికీ వినపడ్డాయి అరుపులు. ‘శరణుఘోష కాస్త గట్టిగా అందుకోండి స్వామీ’ అన్నారెవరో. అందుకున్నాం.

మర్నాడు వదిలేశారు. ఏమీ ఒప్పుకోలేదు వాడు. మళ్ళీ గరిటె పట్టలేదు, చేతులు పట్టే స్థితిలో లేవు. మాఘం దాటకుండానే పోయాడు. కిరీటమా? ఎక్కడ దొరికింది? ఇప్పుడు నువ్వు దండం పెట్టుకునేది కొత్తది.

వాడే తీశాడా అంటావా... నవ్వనంటే ఒకటి చెప్తాను. పడిపూజలో అందరూ పిల్లల పెళ్ళిళ్ళనీ, ఉద్యోగాలనీ అడుగుతారు కదా. నేను కళ్ళు మూసుకుని ఏటా ఒక్కటే అడుగుతాను. స్వామీ, ఆ కిరీటం బుల్లియ్యే తీసుండాలి, అని.